రంధ్రం అంచు అరిగితే: పారిశ్రామిక స్ప్రే నాజిళ్ల రూపకల్పన, మన్నిక

నెల్లిమర్ల, విజయనగరం, రాజాం చుట్టుపక్కల జూట్ మిల్లుల్లో గోగునార, జనపనార మొదట ఎక్కే పెద్ద యంత్రం సాఫ్ట్‌నర్. బిరుసుగా ఉన్న నార దాని గాడుల రోలర్ల మధ్య నలుగుతూ ముందుకు సాగుతుంటే, పైన అడ్డంగా బిగించిన గొట్టం నుంచి నీరు, నూనె కలిపిన ఎమల్షన్ తుంపరగా దాని మీద పడుతుంది. ఆ తుంపర నార వెడల్పంతా సమానంగా పడితే నార మెత్తబడి, తరువాత నారను దువ్వే కార్డింగ్ యంత్రంలో తెగకుండా పోగవుతుంది. ఒకచోట తక్కువ పడితే అక్కడి నార ఎండుగా మిగిలి, ముక్కలై వేస్టు కింద రాలిపోతుంది. మరొకచోట ఎక్కువ పడితే తడిసి ముద్దై రోలర్లకు చుట్టుకుంటుంది. ఈ తేడా అంతటినీ నిర్ణయించేది బొటనవేలంత పొడవున్న నాజిల్, దానిలోని రెండు మూడు మిల్లీమీటర్ల రంధ్రం. నార నాణ్యత గురించి, నూనె ధర గురించి మిల్లుల్లో రోజూ చర్చ జరుగుతుంది గానీ, ఆ రంధ్రం గురించి మాట్లాడేవారు చాలా తక్కువ.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో నాజిల్ మీద ఆధారపడిన పని జూట్ మిల్లుల దగ్గర ఆగదు. గరివిడి పరిసరాల్లో మాంగనీసు ఖనిజాన్ని పగలగొట్టే చోట దుమ్మును అణచాలన్నా, టెక్కలి ప్రాంతంలో నీలి గ్రానైట్‌ను కోసే రంపం చల్లబడాలన్నా, పైడిభీమవరం మందుల పరిశ్రమల్లో ఆమ్ల వాయువును స్క్రబ్బర్‌లో కడగాలన్నా, చక్కెర కర్మాగారాల్లో కండెన్సర్ నుంచి వచ్చే వేడినీటిని స్ప్రే పాండ్‌లో చల్లార్చాలన్నా నాజిల్ కావలసిందే. అన్నిచోట్లా వినిపించే ఫిర్యాదు కూడా దాదాపు ఒకటే: కొత్తలో బాగా పనిచేసింది, కొన్నాళ్లకు తుంపర పాడైంది, ఇంకా గట్టి లోహంతో చేసిన నాజిల్ తెచ్చినా తేడా పెద్దగా కనిపించలేదు. ఎందుకు కనిపించలేదో తెలియాలంటే, తుంపర ఎలా పుడుతుందో ముందు చూడాలి.

నీరు తుంపరగా మారడం

నీటికి తన ఉపరితలాన్ని వీలైనంత తక్కువగా ఉంచుకునే గుణం ఉంది. దానినే తలతన్యత అంటాం. తుంపర చేయడమంటే ఆ గుణానికి ఎదురు నిలిచి, ఉపరితలాన్ని బలవంతంగా పెంచడం. ఒక లీటరు నీటిని మిల్లీమీటరు వ్యాసం ఉన్న చుక్కలుగా విడగొడితే సుమారు 19 లక్షల చుక్కలు వస్తాయి, వాటి మొత్తం ఉపరితలం 6 చదరపు మీటర్లు. అదే లీటరును అందులో పదో వంతు వ్యాసం, అంటే 100 మైక్రాన్ల చుక్కలుగా విడగొడితే చుక్కల సంఖ్య సుమారు 190 కోట్లకు, ఉపరితలం 60 చదరపు మీటర్లకు చేరుతుంది. వేడి బయటికి పోవడం, వాయువు కరగడం, నూనె నారకు అంటడం అన్నీ ఈ ఉపరితలం మీదే జరుగుతాయి కనుక, నాజిల్ ద్వారా పరిశ్రమ నిజంగా కొనుక్కునేది ఉపరితలాన్నే అనవచ్చు.

గుండ్రటి రంధ్రం నుంచి నెమ్మదిగా వచ్చే సన్నని ధార దానంతట అదే చుక్కలుగా తెగిపోవడం ఇంట్లో కుళాయి కింద ఎవరైనా చూసిందే. దీనిని 19వ శతాబ్దంలో బెల్జియం శాస్త్రవేత్త జోసెఫ్ ప్లేటో పరిశీలించగా, 1870ల చివర్లో ఇంగ్లండులో లార్డ్ రేలీ దీనికి గణితం సమకూర్చాడు. ఆ లెక్క ప్రకారం ధార వ్యాసానికి దాదాపు రెట్టింపు వ్యాసమున్న చుక్కలు పుడతాయి. అంటే 100 మైక్రాన్ల చుక్క ఈ పద్ధతిలోనే కావాలంటే రంధ్రం సుమారు 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందం మాత్రమే ఉండాలి. అంత సన్నని రంధ్రం ఏ కర్మాగారపు నీటితోనూ ఒక్క పూట కూడా పనిచేయదు, పూడుకుపోతుంది.

ఈ చిక్కును నాజిల్ రూపకర్తలు దాటిన తీరు చాలా తెలివైనది. రంధ్రాన్ని పెద్దదిగానే ఉంచి, అందులోంచి వచ్చే ద్రవాన్ని ముందు పలుచని పొరగా పరుస్తారు. ఆ పొర ముందుకు పోయేకొద్దీ ఇంకా పలుచబడి, అలలెత్తి, చిరిగి, దారాలుగా విడిపోతుంది. రేలీ చెప్పిన పద్ధతిలో ఆ దారాలు చుక్కలవుతాయి. విసనకర్ర ఆకారపు ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్‌లో గుండ్రటి అడుగు ఉన్న దారికి ఆంగ్లాక్షరం వి ఆకారపు గాడి అడ్డంగా కోయడం వల్ల దీర్ఘవృత్తం ఆకారపు రంధ్రం ఏర్పడుతుంది. రెండు వైపుల నుంచి వచ్చిన ద్రవం అక్కడ ఢీకొని చదునైన పొరగా విచ్చుకుంటుంది. బోలు శంకువు నాజిల్‌లో ద్రవం ఒక గుండ్రటి గదిలోకి పక్క నుంచి ప్రవేశించి సుడి తిరుగుతుంది, మధ్యలో గాలి స్తంభం ఏర్పడుతుంది, రంధ్రం గోడను అంటుకుని పలుచని గొట్టంలా బయటికి వచ్చిన ద్రవం శంకువుగా విచ్చుకుంటుంది. లోపల రెక్కలు పెట్టి సుడిని, నేరు ప్రవాహాన్ని కలిపితే నిండు శంకువు వస్తుంది. ఏ రకంలోనైనా పొర మందాన్ని, అది విచ్చుకునే కోణాన్ని నిర్ణయించేది ద్రవం రంధ్రాన్ని వదిలే చివరి అంచు. ఇకపై చెప్పబోయే విషయమంతా ఆ అంచు చుట్టూనే తిరుగుతుంది.

చుక్కల సగటు పరిమాణం గురించి ఒక జాగ్రత్త. 400 మైక్రాన్ల చుక్క ఒక్కటి 100 మైక్రాన్ల చుక్కలు 64 మింగినంత నీటిని మోస్తుంది. అందువల్ల తుంపరలో లావు చుక్కలు లెక్కకు కొన్నే ఉన్నా, ద్రవంలో ఎక్కువ భాగం వాటిలోనే పోతుంది. కంటికి మంచులా అందంగా కనిపించే తుంపర కూడా పనిలో వెనకబడి ఉండవచ్చు. ఈ కారణంగానే ఇంజనీర్లు మామూలు సగటును వదిలి, ఘనపరిమాణానికీ ఉపరితలానికీ ఉన్న నిష్పత్తి మీద ఆధారపడిన సాటర్ సగటు వ్యాసాన్ని వాడతారు.

ప్రెషర్ అనే తొలి మందు

తుంపర ముతకబడితే షాపు ఫ్లోర్‌లో మొదట వినిపించే సలహా ప్రెషర్ పెంచమనే. ఇందులో కొంత నిజం ఉంది గాని, లెక్క చాలా పిసినారిది. నాజిల్ గుండా పోయే ప్రవాహం పీడనపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. ప్రవాహం రెట్టింపు కావాలంటే పీడనం నాలుగింతలు కావాలి. చుక్క పరిమాణం ఇంకా మొండిది. చాలా ప్రెషర్ నాజిళ్లలో పీడనాన్ని రెట్టింపు చేసినా చుక్క వ్యాసం సుమారు ఐదో వంతు మాత్రమే తగ్గుతుంది.

దీనికి చెల్లించే మూల్యం వేగం రూపంలో ఉంటుంది. మన ఫిట్టర్ల భాషలో 3 కిలోల ప్రెషర్ (చదరపు సెంటీమీటరుకు 3 కిలోలు) దగ్గర నీరు రంధ్రాన్ని దాటే వేగం సెకనుకు సుమారు 24 మీటర్లు, అంటే జాతీయ రహదారి మీద పరుగెత్తే బస్సు వేగం. 12 కిలోల దగ్గర అది సెకనుకు 48 మీటర్లు. నీటిలో కొట్టుకొచ్చే ఇసుక రేణువు లోహాన్ని ఎంత తొలుస్తుందన్నది వేగంతో నేరుగా పెరగదు. వేగపు వర్గం నుంచి ఘనం వరకు పెరుగుతుంది. పీడనాన్ని రెట్టింపు చేస్తే నీటిలోని ఒక్కో కిలో ఇసుక చేసే నష్టం రెట్టింపు నుంచి దాదాపు మూడింతల దాకా పోతుంది. పైగా అదే కాలంలో ముందుకన్నా ఎక్కువ నీరు, ఎక్కువ ఇసుక ఆ రంధ్రంలోంచి వెళ్తాయి. అరిగిన నాజిల్‌కు ప్రెషర్ పెంచి సరిదిద్దడమంటే, మిగిలిన కొద్దిపాటి ఆయుష్షును కూడా తొందరపెట్టి ఖర్చు చేయడమే.

అందువల్ల సన్నని చుక్క తప్పనిసరి అయిన చోట వేరే దారి చూడాలి. గాలితో చిమ్మే నాజిల్‌లో ద్రవాన్ని చీల్చే శక్తి సంపీడిత గాలి నుంచి వస్తుంది కనుక, ద్రవం తక్కువ పీడనంతో, వెడల్పైన దారిలో, నెమ్మదిగా రావచ్చు. కంప్రెసర్ ఖర్చు తోడవుతుంది, నిజమే. కాని ద్రవం వెళ్లే దారి అరుగుదల గణనీయంగా తగ్గుతుంది. మాంగనీసు ఖనిజపు దుమ్ము విషయంలో ఈ ఎంపిక చాలా ముఖ్యం. లావు చుక్క పడుతున్నప్పుడు దాని ముందున్న గాలి పక్కకు తొలగుతుంది, ఆ గాలితో పాటే సన్నని దుమ్ము కూడా, వేగంగా వచ్చే లారీ ముందు ఎండుటాకులు పక్కకు తప్పుకున్నట్టు, తప్పుకుంటుంది. చుక్క పరిమాణం దుమ్ము రేణువు పరిమాణానికి దగ్గరగా ఉన్నప్పుడే రెండూ తగులుకుంటాయి. క్రషర్ దగ్గర నేలంతా బురదై, గాలిలో దుమ్ము మాత్రం అలాగే ఉంటే, అక్కడ నీరు చాలక కాదు, చుక్క లావైపోయి అలా ఉందన్నమాట. మాంగనీసు దుమ్మును ఏళ్ల తరబడి పీల్చిన మనిషి నాడీవ్యవస్థ దెబ్బతింటుంది కనుక, ఆ నాజిల్ అరుగుదలను నీటి ఖర్చుతో మాత్రమే కొలవడం నాకు సమ్మతం కాదు.

అరుగుదల మొదలయ్యే చోటు

నాజిల్ అరిగిందంటే రంధ్రం పెద్దదైందని అందరూ అనుకుంటారు. అది రెండో దశ. మొదటి దశలో రంధ్రం వ్యాసం దాదాపు మారదు, అంచు పదును మాత్రం పోతుంది. వాడిగా కోసిన అంచును దాటేటప్పుడు ద్రవం ఒక్కసారిగా మలుపు తిరగలేక లోపలికి కుంచించుకుంటుంది. ఫలితంగా రంధ్రం వైశాల్యం ఎంత ఉన్నా, సైద్ధాంతికంగా పోవలసిన ప్రవాహంలో 0.61 వంతు మాత్రమే పోతుంది. అదే ప్రవేశపు అంచు చక్కగా గుండ్రబడితే ఆ వంతు 0.97 దాకా పెరగగలదు. గేజి పిన్ను పెట్టి రంధ్రాన్ని కొలిచిన ఫిట్టరుకు వ్యాసం సరిగానే కనిపిస్తుంది, ప్రవాహం మాత్రం పెరిగిపోయి ఉంటుంది. సైజు సరిగానే ఉందని పక్కన పెట్టిన పాత నాజిల్ తిరిగి లైనులోకి రావడం వెనుక ఉన్న అసలు సంగతి ఇదే.

రెండో దశలో వ్యాసం పెరుగుతుంది. ప్రవాహం వైశాల్యంతో, అంటే వ్యాసపు వర్గంతో ముడిపడి ఉంది కనుక, 2 మిల్లీమీటర్ల రంధ్రం 2.1 మిల్లీమీటర్లయితే చాలు, 10 శాతం ఎక్కువ ద్రవం పోతుంది. ఆ పదో వంతు మిల్లీమీటరును చూపుతో పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. నిమిషానికి 5 లీటర్ల చొప్పున చిమ్మే నాజిళ్లు 40 ఉన్న లైనును ఊహించుకుంటే, 10 శాతం అంటే నిమిషానికి 20 లీటర్లు. రోజుకు 20 గంటలు నడిచే చోట అది 24,000 లీటర్లు. మామూలు నీరైతే పంపు కరెంటు, శుద్ధి ఖర్చు పోతాయి. తవుడు నూనె కలిపిన ఎమల్షనైతే పోయేది నూనె.

ఇంతకంటే పెద్ద నష్టం పరిమాణంలో కాక పంపకంలో ఉంది. ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్ అరిగినప్పుడు దీర్ఘవృత్తపు సన్నని చివరలు తమ ఆకారాన్ని కోల్పోతాయి. విసనకర్ర రెక్కలు బలహీనపడి ద్రవం మధ్యకు చేరుతుంది. పక్కపక్కన ఉన్న నాజిళ్ల తుంపరలు ఒకదాని మీద ఒకటి కొంత పడేలా లెక్కవేసి దూరం పెట్టి ఉంటారు కనుక, ఆ లెక్క అంతా తప్పిపోయి, తడి చారలు, పొడి చారలు ఏర్పడతాయి. బోలు శంకువు నాజిల్‌లో సుడి గది గోడ గాడిపడితే శంకువు ఒక వైపుకు ఒరుగుతుంది. మొత్తం ప్రవాహాన్ని మీటరులో చూసేవారికి ఇది ఏదీ కనిపించదు.

మీటరు, గేజి చెప్పే మాట కూడా పంపును బట్టి మారుతుందని గుర్తుంచుకోవాలి. సెంట్రిఫ్యూగల్ పంపు వెనుక ఉంటే, నాజిళ్లు అరిగినకొద్దీ ప్రవాహం పెరుగుతుంది, గేజి ముల్లు పెద్దగా కదలదు. గేరు పంపు, ప్లంజర్ పంపు వంటివి తిప్పినంతే తోస్తాయి. వాటి వెనుక ప్రవాహం అలాగే ఉండి, పీడనం పడిపోతుంది. పీడనం మారకుంటే 10 శాతం ఎక్కువ చిమ్మే స్థితికి వచ్చిన నాజిళ్లు, గేరు పంపు మీద 3 కిలోల గేజిని దాదాపు 2.5 కిలోలకు దించుతాయి. ఒకే రోగం ఒకచోట నీటి ఖర్చుగా, మరొకచోట ముతక చుక్కగా బయటపడుతుంది. మొదటి మిల్లులో పనిచేసిన మనిషి రెండో మిల్లుకు వచ్చి తన పాత లక్షణాల కోసమే వెతికితే రోగం దొరకదు.

గట్టిదనం, పెళుసుదనం, రసాయనం

ఇసుకలోని క్వార్ట్జ్ కాఠిన్యం మోహ్స్ కొలమానంలో 7. ఇత్తడి సుమారు 3 దగ్గరే ఉంటుంది, మామూలు స్టెయిన్‌లెస్ స్టీల్ కూడా 7కు చేరదు. క్వార్ట్జ్ కన్నా గట్టివి అల్యూమినా సెరామిక్, టంగ్‌స్టన్ కార్బైడ్, సిలికాన్ కార్బైడ్ వంటివి మాత్రమే. నాజిల్ తయారీదారుల పోలిక పట్టికల్లో అరుగుదలను తట్టుకునే శక్తి ఇత్తడికి 1 అనుకుంటే, సాధారణ స్టెయిన్‌లెస్‌కు 4 నుంచి 6, గట్టిపరచిన స్టెయిన్‌లెస్‌కు 10 నుంచి 15, సెరామిక్, కార్బైడ్‌లకు 90కి పైబడి కనిపిస్తుంది. ఈ అంకెలు చూసి అన్నిచోట్లా కార్బైడ్ పెడదామనిపించడం సహజం. అక్కడే పొరపాటు జరుగుతుంది.

రేణువు ఏ కోణంలో తగులుతుందన్నది మొదటి ప్రశ్న. ఘన రేణువుల తాకిడితో కలిగే అరుగుదల మీద 1960లో ఇయాన్ ఫిన్నీ ప్రచురించిన పని నుంచి తెలిసిందేమంటే, సాగే గుణమున్న లోహాలు రేణువు ఏటవాలుగా, సుమారు 20 నుంచి 30 డిగ్రీల కోణంలో గీసుకుపోయినప్పుడు ఎక్కువ అరుగుతాయి. పెళుసు పదార్థాలు నిటారుగా కొట్టినప్పుడు ఎక్కువ చిట్లుతాయి. రంధ్రం గోడ వెంట రేణువులు జారిపోయే నాజిల్‌లో సెరామిక్ అద్భుతంగా నిలుస్తుంది. ధార నేరుగా ఒక పలక మీద కొట్టి విచ్చుకునే నాజిల్‌లో ఆ పలకను సెరామిక్‌తో చేస్తే అంత లాభం రాకపోవచ్చు. సెరామిక్‌కు మరో బలహీనత కూడా ఉంది: స్పానరు జారి తగిలినా, వేడి గొట్టంలోకి ఒక్కసారిగా చన్నీరు వచ్చినా పగలవచ్చు. ఆ కారణంగా బయటి ఒళ్లు స్టెయిన్‌లెస్‌తో, ద్రవం తగిలే రంధ్రపు ముక్క మాత్రం సెరామిక్ లేదా కార్బైడ్‌తో చేసి, ఆ ముక్కను మార్చుకునేలా అమర్చడం మంచి రూపకల్పన. ఖరీదు కూడా అరిగే చోటికే పరిమితమవుతుంది.

రెండో ప్రశ్న రసాయనానిది. టంగ్‌స్టన్ కార్బైడ్ రేణువులను పట్టి ఉంచేది సాధారణంగా కోబాల్ట్. ఆమ్లం తగిలితే కోబాల్ట్ కరుగుతుంది, సున్నం పోయిన ఇటుక గోడలా కార్బైడ్ రేణువులు ఒక్కొక్కటే రాలిపోతాయి. ఆమ్లపు నీటికి నికెల్ బంధనం ఉన్న కార్బైడ్ మేలు. సిలికాన్ కార్బైడ్‌లోనూ తేడాలున్నాయి. ఒక రకం తయారీలో విడి సిలికాన్ లోపల మిగిలిపోతుంది, కాస్టిక్ సోడా ద్రావణం దానిని తినేస్తుంది. ఆమ్ల వాయువును కాస్టిక్‌తో కడిగే స్క్రబ్బర్లు మందుల పరిశ్రమల్లో మామూలే కనుక, సిలికాన్ కార్బైడ్ అని మాత్రమే రాసి ఆర్డరు పెట్టడం చాలదు. విడి సిలికాన్ లేని రకమా అని అడిగి తీసుకోవాలి. ఇసుక లేని శుభ్రమైన ఆమ్ల ద్రావణాలకైతే అసలు ఇంత గట్టి పదార్థమే అనవసరం; పాలీప్రొపిలీన్, పీవీడీఎఫ్ వంటి ప్లాస్టిక్ నాజిల్ చవకగా, చక్కగా పనిచేస్తుంది.

స్టెయిన్‌లెస్ విషయంలో మరొక మాట. అది తుప్పు పట్టకపోవడానికి కారణం ఉపరితలం మీద ఉండే, కంటికి కనిపించనంత పలుచని క్రోమియం ఆక్సైడ్ పొర. నీటిలో క్లోరైడ్ ఎక్కువైతే, తీరం దగ్గరి ఉప్పు బోర్లలోలాగ, ఆ పొర అక్కడక్కడా చిల్లుపడి లోహంలో గుంటలు పడతాయి. మాలిబ్డినం కలిసిన 316 రకం 304 కన్నా దీనిని బాగా తట్టుకుంటుంది. ఇసుక కూడా తోడైతే నష్టం కూడికగా కాక హెచ్చవేతగా సాగుతుంది: రేణువు పొరను గీస్తుంది, బయటపడిన లోహాన్ని క్లోరైడ్ తింటుంది, తిన్నచోట గరుకుదేలిన అంచు మీద తరువాతి రేణువు ఇంకా సులువుగా తగులుతుంది. ఇసుక, ఉప్పు విడివిడిగా పరీక్షించి మన్నికను అంచనా వేసినవారు మోసపోయేది ఇక్కడే.

రంధ్రానికి ముందున్న దారి

నాజిల్ రూపకల్పన అంటే నాజిల్‌తో మొదలై నాజిల్‌తో ముగిసేది కాదన్నది నా గట్టి నమ్మకం. నాగావళి, వంశధార, చంపావతి నదుల నీరు వేసవిలో ఒకలా, వర్షాకాలంలో ఎర్రనీరు దిగినప్పుడు పూర్తిగా మరోలా ఉంటుంది. వేసవిలో సరిపోయిన వడపోత ఆషాఢ శ్రావణాల్లో చాలదు. గ్రానైట్ కోసే యూనిట్లలోనైతే ఏడాది పొడవునా అదే పరిస్థితి: రంపం మీద పడిన నీరే తొట్లలో తేరుకుని మళ్లీ తిరిగి వస్తుంది, దానిలో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ పొడి ఉంటుంది. తొట్టి కొంచెం పెద్దది కట్టి, నీరు నిలకడగా తేరుకునే సమయం ఇవ్వడం అక్కడ ఏ కార్బైడ్ నాజిల్ కన్నా ఎక్కువ ఫలితమిస్తుంది, ఖర్చు మాత్రం చాలా తక్కువ.

వడపోత జల్లెడ కన్ను నాజిల్‌లోని అతి సన్నని దారిలో సగానికి, వీలైతే మూడో వంతుకు మించకూడదు. ఆ సన్నని దారి బయటి రంధ్రమే కానక్కరలేదు. నిండు శంకువు నాజిల్‌లో లోపలి రెక్కల మధ్య సందు అంతకన్నా ఇరుకుగా ఉండవచ్చు. కేటలాగులో దీనిని విడిగా ఇస్తారు, కొనేటప్పుడు చూడవలసిన మొదటి అంకె అదే. 50 మెష్ (అంగుళానికి 50 కన్నులున్న) జల్లెడ సుమారు 300 మైక్రాన్ల రేణువును, 100 మెష్ సుమారు 150 మైక్రాన్ల రేణువును ఆపుతుంది. జల్లెడను మరీ సన్నగా చేస్తే అదే పూడుకుని పీడనం తినేస్తుంది కనుక, ఎంత సన్నగా ఉంటే అంత మంచిదనుకోవడం కూడా తప్పే. ఇంకొక్క సంగతి: జల్లెడ పూడికను ఆపగలదు, అరుగుదలను పూర్తిగా ఆపలేదు. 150 మైక్రాన్ల కన్నుగుండా దూరిపోయే సన్నని ఇసుక అంచును నున్నగా గుండ్రం చేస్తూనే ఉంటుంది.

గొట్టం అమరికలో చిన్న మార్పులు నాజిల్ ఆయుష్షును పొడిగిస్తాయి. ఇసుక గొట్టం అడుగున పేరుకుంటుంది. నాజిల్ శాఖను అడుగు నుంచి తీస్తే పేరుకున్నదంతా నేరుగా నాజిల్‌లోకే జారుతుంది. పక్క నుంచో పై నుంచో శాఖ తీసి కిందికి వంచితే ఆ బాధ తగ్గుతుంది. గొట్టం చివర మూసేయకుండా అక్కడొక ఫ్లషింగ్ వాల్వు పెట్టాలి. షట్‌డౌన్ తరువాత, వెల్డింగ్ చేసిన తరువాత, నాజిళ్లను విప్పి గొట్టాన్ని కడిగాకే వాటిని తిరిగి బిగించాలి. కొత్త లైను మొదటి రోజే పూడుకోవడానికి వెల్డింగ్ చిట్టెం, గొట్టం లోపలి తుప్పు పొరలే చాలావరకు కారణం. నాజిల్‌కు మరీ దగ్గరలో మలుపు ఉంటే ద్రవం ఒక వైపుకు తోసుకుంటూ లోపలికి వస్తుంది, తుంపర వంకరవుతుంది, అంచు కూడా ఒక వైపే ఎక్కువ అరుగుతుంది. కాబట్టి నాజిల్‌కు ముందు కొంత నేరు గొట్టం వదలాలి.

ఇక శుభ్రం చేసే పద్ధతి. ఒక మిల్లులో నేను స్వయంగా చూసిన దృశ్యం ఇప్పటికీ బాధపెడుతుంది. నార నూగు పట్టి పూడుకున్న నాజిల్‌లో ఫిట్టరు విరిగిన హాక్‌సా బ్లేడు ముక్క దూర్చి, రెండు తిప్పులు తిప్పి, ఊది, తిరిగి బిగించాడు. షిఫ్టు ఆగకూడదన్న ఒత్తిడిలో ఉన్న మనిషిని నేను తప్పుపట్టను; ఆయన చేతికి వేరే సాధనం ఎవరూ ఇవ్వలేదు. ఏడాది పాటు ఇసుక చేయలేని నష్టం ఆ రెండు తిప్పులతో జరిగిపోయింది, తరువాత ఆ నాజిల్ కింద నార మీద తడి చార స్పష్టంగా పడింది. రంధ్రాన్ని దాని కన్నా మెత్తని వస్తువుతోనే తాకాలి. పాత టూత్‌బ్రష్, వెదురు పుల్ల, మన ఉద్దానంలో కావలసినంత దొరికే కొబ్బరి ఈనె ఇందుకు చక్కగా సరిపోతాయి. సున్నపు పొలుసు గట్టిపడితే గీకకుండా, నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిలో నానబెట్టాలి. స్టెయిన్‌లెస్‌కు హైడ్రోక్లోరిక్ ఆమ్లం మాత్రం తగలనీయకూడదు, అందులోని క్లోరైడే లోహానికి గుంటలు పెడుతుంది. రోజూ మార్చవలసిన చోట పావు తిప్పుతో ఊడివచ్చే త్వరిత బిగింపు నాజిళ్లు ఎంచుకుని, శుభ్రం చేసిన సెట్టును పక్కన సిద్ధంగా ఉంచితే, ఫిట్టరు మీద ఆ తొందర ఉండదు, బ్లేడు ముక్కతో పనీ ఉండదు.

కంప్యూటర్‌లో ప్రవాహాన్ని అనుకరించి లోపలి మలుపులను సున్నితం చేయడం, త్రీడీ ముద్రణతో ఒకే ముక్కగా నాజిల్ చేయడం ఇప్పుడు సాధ్యమవుతున్నాయి. కోతతో చేయలేని వంపు దారులను ముద్రణ ఇవ్వగలదు. కాని ముద్రించిన లోహపు గోడ గరుకుగా ఉంటుంది. అంచును తరువాత నునుపు చేయకపోతే తుంపర చెదురుతుంది.

బకెట్టు, గడియారం, రిజిస్టరు

ఇదంతా తెలిసినా, కొలవకపోతే ఉపయోగం లేదు. లేజర్‌తో చుక్కల పరిమాణాన్ని కొలిచే పరికరాలు ప్రయోగశాలల్లో ఉంటాయి. మిల్లుకు కావలసింది మాత్రం కొలత గీతలున్న బకెట్టు, స్టాప్‌వాచ్, నమ్మదగిన ప్రెషర్ గేజి. కొత్త నాజిల్ బిగించిన రోజునే, ఎప్పుడూ కొలిచే పీడనం దగ్గర, నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తోందో రాసుకోవాలి. ఆ మొదటి అంకె లేకపోతే తరువాతి కొలతలన్నీ నిరాధారమవుతాయి. వ్యవసాయ స్ప్రేయర్లలో కొత్తదాని కన్నా 10 శాతం ఎక్కువ ఇస్తే నాజిల్ మార్చాలన్న నియమం చాలాకాలంగా ఉంది. నూనె, రసాయనం వంటి ఖరీదైన ద్రవం చిమ్మే చోట అంతదాకా ఆగడం కూడా ఎక్కువేనని నా అభిప్రాయం. స్ప్రే పాండ్‌లో మామూలు నీరు చిమ్మే నాజిల్‌ను మరికొంత కాలం వాడుకోవచ్చు.

మొత్తం లైనును ఒకేసారి కొలిచి సగటు చూడటం చాలదు. పంపుకు దగ్గరగా ఉన్న నాజిల్‌కు పీడనం ఎక్కువ, గొట్టం చివరన ఉన్నదానికి పేరుకున్న ఇసుక ఎక్కువ. అందువల్ల ఒక్కొక్కటీ ఒక్కోలా అరుగుతుంది. ఒకటి పూడుకుని తక్కువ ఇస్తూ, మరొకటి అరిగి ఎక్కువ ఇస్తూ ఉంటే, సగటు నిర్దోషిగా కనిపిస్తుంది, చారలు మాత్రం పడుతూనే ఉంటాయి. ప్రతి నాజిల్‌కు గొట్టం మీదే అంకె వేసి, విడిగా కొలిచి, రిజిస్టరులో విడి గడిలో రాయాలి. పంపకం సమంగా ఉందో లేదో చూడటానికి తుంపర కింద ఒకే రకం గ్లాసులను వరుసగా పేర్చి, నిమిషం తరువాత వాటిలోని నీటి ఎత్తు చూస్తే చాలు. అరిగిన ఫ్లాట్ ఫ్యాన్ కింద మధ్య గ్లాసు నిండి, అంచు గ్లాసులు వెలితిగా ఉంటాయి.

ఏడాదిలో ఒక్కసారే కొలవగలిగేవారు వర్షాకాలం ముగిసి, నదిలో నీరు తేటపడ్డాక కొలవడం మంచిది. రెండుసార్లు వీలైతే మొదటిది జ్యేష్ఠంలో, తొలి ఎర్రనీరు రాకముందు. ఆ రెండు వరుసల అంకెలను పక్కపక్కన పెట్టి తీసివేస్తే, ఆ ఒక్క వర్షాకాలం ఏ నాజిల్ అంచును ఎంత తిన్నదో రిజిస్టరులోనే కనిపిస్తుంది. తరువాతి ఏడాది కార్బైడ్ ముక్కను ఏ స్థానాల్లో బిగించాలో, ఎక్కడ ఇత్తడే చాలో, ఎక్కడ నాజిల్‌ను వదిలేసి తొట్టి పెద్దది కట్టాలో ఆ పట్టిక చూసి నిర్ణయించవచ్చు.